పెంపకంలోనే గెలుపు

ఉద్దేశం

ఆట వినోదాన్ని ఇవ్వడమే గాక ఆలోచనకు పదును పెడుతుంది. పోటీకి ముందు కావలసిన సన్నాహాన్ని, పోటీలో పాటించవలసిన వివేకాన్ని, ఆటకూ హింసకూ నడుమ ఉన్న ఎల్లను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

జీవిని పెంచి, పోరుకు సిద్ధపరచి, మరొకరి జీవితో తలపడజేయడం తెలుగువారికి కొత్త కాదు. 12వ శతాబ్దంలో పలనాట నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు పందెపు కోళ్ళను బరిలోకి దింపినట్లు వీరగాథలు చెబుతున్నాయి. ఆ పందెంలో ఓడిన పక్షానికి చెందిన మలిదేవాదులు రాజ్యాన్ని విడిచి ఏడేండ్లు వనవాసం చేయవలసి వచ్చింది. నాగమ్మ పుట్టినిల్లు కరీంనగర్ సీమ అని ఒక ప్రతీతి. ఆ సీమకు చెందిన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల విద్యార్థులకు నేడు అటువంటి మరొక పోరు తెరమీద పరిచయమైంది. దాని పేరు పోకేమాన్.

బాల్యంలో పురుగులను పట్టి సేకరించిన సతోషి తజిరి అనే జపాన్ దేశీయుడు ఆ ముచ్చటనే వీడియో ఆటగా మలిచాడు. అది 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో విడుదలైంది. ఫోన్లలో ఆడే పోకేమాన్ గో 2016 డిసెంబరులో మన దేశానికి అధికారికంగా వచ్చింది. ఇక్కడ వివరించేవి మూల ఆటలోని వ్యూహాలు.

మొదటిది తత్త్వజ్ఞానం. ఈ ఆటలోని వింతజీవులకు నేడు 18 తత్త్వాలున్నాయి. నీరు నిప్పును ఆర్పుతుంది. నిప్పు పచ్చికను దహిస్తుంది. పచ్చిక నీటిని పీల్చుకుంటుంది. తత్త్వం అనుకూలిస్తే దెబ్బ బలం రెండింతలవుతుంది. ప్రతికూలిస్తే సగానికి తగ్గుతుంది. విద్యుత్తు దెబ్బ నేల తత్త్వాన్ని ఏమీ చేయలేదు. జీవి తన తత్త్వానికి చెందిన దెబ్బను ప్రయోగిస్తే దాని బలం ఒకటిన్నర రెట్లవుతుంది. మన కుక్కుటశాస్త్రం కూడా కాకి, డేగ, నెమలి అంటూ రంగులను బట్టి కోళ్ళను విభజించి, ఏ వేళ ఏది దేనిని గెలుస్తుందో చెబుతుంది. అయితే అది నమ్మకం, ఇది లెక్క. లెక్క తెలిసినవాడు బలహీనమైన జీవితోనే బలమైనదానిని ఓడించగలడు.

రెండవది జట్టు కూర్పు. జట్టులో ఆరు జీవులకే చోటు. ఒక్కొక్కదానికి నాలుగు విద్యలే. ఇష్టమని నిప్పుజీవులనే ఆరింటినీ ఎన్నుకొన్నవాడు ఒక్క నీటిజీవి ఎదురైతే చిక్కులో పడతాడు. చారిజార్డ్ ఎంత బలిష్ఠమైనదైనా నిప్పు, గాలి తత్త్వాలు రెండూ కలిగినందున రాతి దెబ్బ దానికి నాలుగింతలుగా తగులుతుంది. కనుక రాతిని ఎదిరించే నీటిజీవి దాని పక్కన ఉండాలి. ఒకరి లోటును మరొకరు పూరించేదే జట్టు.

మూడవది ఓర్పు. మాజికార్ప్ అనే చేపకు మొదట చిందులు వేయడం తప్ప మరేమీ రాదు. చాలామంది దానిని చులకన చేస్తారు. 20వ స్థాయికి చేరగానే అదే గ్యారడోస్ అనే భీకరజీవిగా మారుతుంది. తొలినాటి ఆటల్లో దానిని పెంచడానికి ఒక ఉపాయం ఉంది: ముందుగా దానిని బరిలోకి దింపి, వెంటనే వెనక్కి పిలిచి, బలమైనదానిని పంపాలి. గెలుపు వల్ల కలిగే అనుభవంలో చేపకూ పాలు దక్కుతుంది. సిరిసిల్ల మగ్గాల మీద పడుగు సరిగా లేనినాడు పేక ఎంత వేగంగా నడిచినా బట్ట కుదరదు. పెంపకమే ఈ ఆటకు పడుగు.

నాలుగవది వెనుదీయడంలోని వివేకం. పోరు నడుమ జీవిని మార్చితే మన వంతు పోతుంది. కొత్తగా వచ్చిన జీవి శత్రువు దెబ్బను భరించాలి. కనుక రాబోయే దెబ్బను ముందే ఊహించి, దానిని తట్టుకొనే జీవినే పంపాలి. సమయానికి వెనుదీయడం పిరికితనం కాదు.

ఈ ఆటలో ఓడిన జీవి సొమ్మసిల్లుతుంది గాని మరణించదు. చికిత్సాలయంలో తిరిగి కోలుకొంటుంది. ఓడినవానికి తన పొరపాటును దిద్దుకొనే అవకాశం మిగులుతుంది. కత్తులు కట్టిన పందెంలో ఆ అవకాశం లేదు. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా గొల్లపల్లి మండలం లొత్తునూరులో చాటుగా జరిగిన కోడిపందెంలో, కోడి కాలికి కట్టిన కత్తి పందేనికి వచ్చిన వ్యక్తికే తగిలింది. రక్తస్రావంతో ఆయన మరణించాడు. పోలీసులు ఆ కోడిని కూడా ఠాణాకు తరలించవలసి వచ్చింది. జంతువులను పోరుకు రెచ్చగొట్టడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం.

విద్యార్థులారా! తెరమీది పోరులో మీరు నేర్చే తత్త్వజ్ఞానం, కూర్పు, ఓర్పు, వివేకం పరీక్షలోనూ జీవితంలోనూ అక్కరకు వస్తాయి. అయితే ఓడినవాడు తిరిగి లేవగలిగినంతవరకే ఏదైనా ఆట. ప్రాణాన్ని పణంగా పెట్టిననాడు దానికి ఆ పేరు తగదు.

కఠిన పదాలు – అర్థాలు

సన్నాహం = సంసిద్ధత
ఎల్ల = హద్దు
ప్రతీతి = జనంలో ప్రసిద్ధమైన మాట
పాలు = భాగం
పణం = పందెంలో ఒడ్డిన సొమ్ము

అభ్యాసం

1. పోకేమాన్ ఆటలోని తత్త్వాలకూ కుక్కుటశాస్త్రానికీ గల పోలికను, భేదాన్ని వివరించండి.
2. మాజికార్ప్ ఉదాహరణ ద్వారా రచయిత బోధించిన నీతి ఏమిటి?
3. ఆటకూ హింసకూ ఉన్న ఎల్లను లొత్తునూరు ఘటన ఆధారంగా చర్చించండి.