గింజ కూడా ఊపిరి తీస్తుంది

మడిలో ధనియాలు చల్లితే ఒక్కోసారి సగం కూడా మొలవవు. "నేల మంచిది కాదు" అంటాము. చాలాసార్లు తప్పు నేలది కాదు. గింజను దాచిన తీరులో ఉంటుంది, చల్లే ముందు మనం చెయ్యని పనిలో ఉంటుంది.

1. గింజను దాచుట

ఎండిన గింజ చచ్చిన గింజ కాదు. లోపల చిన్న మొక్క నిద్రపోతూ ఉంటుంది, నెమ్మదిగా శ్వాసిస్తుంది. తేమ, వేడి ఎక్కువైతే శ్వాస పెరిగి దాచుకున్న ఆహారం తొందరగా అయిపోతుంది. హారింగ్టన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక లెక్క చెప్పాడు. గింజలో తేమ 1 శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపు. దాచిన చోట వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినా రెట్టింపే.

మా అవ్వ బడికి పోలేదు. గింజలకి బూడిద కలిపి, ఎండు సొరకాయ బుర్రలో పోసి, దూలానికి కడుతుంది. బూడిద తేమని పీలుస్తుంది. పొగకి పురుగు రాదు. మంట దగ్గర కడితే గింజ చస్తుందని దూరంగా కడుతుంది. ఇదంతా పాఠంలో ఉన్నదే కదా!

గింజల్ని పొద్దుటి ఎండలో ఆరబెట్టాలి, మిట్టమధ్యాహ్నం వద్దు. చల్లారాకే డబ్బాలో పోసి మూత పెట్టాలి. వేడిగా పోస్తే లోపల చెమ్మ పడుతుంది.

గమనిక: కరివేపాకు గింజకి ఈ పద్ధతి పనికిరాదు. అది ఎండితే చచ్చిపోతుంది. పండు గుజ్జు తీసేసి వెంటనే నాటాలి.

2. చల్లే ముందు చేయు పనులు

ధనియాలు: గుండ్రటి ధనియం ఒక కాయ. దానిలో రెండు గింజలుంటాయి. చెక్కతో మెల్లగా నలిపితే రెండు బద్దలవుతాయి. పిండి చెయ్యకూడదు. ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి, అర అంగుళం లోతున వెయ్యాలి. వేయించిన ధనియాలు మొలవవు.

మెంతులు: నలపక్కర్లేదు. ఒక రాత్రి నానితే చాలు.

వాము: గింజ చాలా చిన్నది. ఇసుకతో కలిపి చల్లి, పైన పల్చగా మట్టి కప్పాలి. లోతుగా పడితే పైకి రాలేదు.

3. మొలక పరీక్ష

తడి గుడ్డలో 100 గింజలు వరసగా పేర్చి చుట్టాలి. గుడ్డ ఆరిపోకుండా చూడాలి. మెంతుల్ని 5 రోజులకి, ధనియాల్ని 15 రోజులకి లెక్కపెట్టాలి. 70 మొలిస్తే మొలక శాతం 70. సగం కన్నా తక్కువైతే రెట్టింపు గింజ చల్లాలి, లేదా కొత్త గింజ తెచ్చుకోవాలి.

మా ఇంట్లో రాయడం వచ్చింది నాకొక్కదానికే. ఏ బుర్రలో గింజ ఏ ఏడుదో అవ్వ మనసులో పెట్టుకుంటుంది. ఆమె మర్చిపోతే ఇంటి గింజ పోతుంది, సంతలో కొనాలి. అందుకే సెలవుల్లో పోయి ప్రతి బుర్రకి నెల, సంవత్సరం రాసిన చీటీ కడుతున్నాను. మీరు కూడా కట్టండి. వచ్చేటప్పుడు గుప్పెడు గింజలు తీసుకురండి.

వార్డెన్ మేడం గారికి మనవి: వంటగది వెనక ఒక మడి ఇప్పించండి. పరీక్ష చేసిన గింజే చల్లుతాము. మన చారులోకి మన కొత్తిమీరే వస్తుంది.

— 9వ తరగతి విద్యార్థిని