ఆ మాట మీరే చెప్పాలి, సిస్టర్

ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీలోనో, క్వాలిటీ కమిటీలోనో మీ పేరు వేశారు. సూపరింటెండెంట్ గారు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు, మైక్రోబయాలజీ మేడమ్, ఫార్మసీ నుంచి ఒకరు, వార్డుల తరఫున మీరు. వెళ్లారు, కూర్చున్నారు, టీ తాగారు, రిజిస్టర్‌లో సంతకం పెట్టి వచ్చేశారు. చెప్పాలనుకున్న సంగతి మాత్రం చెప్పలేదు.

ఎందుకని అడిగితే ఎక్కువమంది సిస్టర్లు చెప్పే జవాబు ఒకటే: "నాకంత ధైర్యం లేదండీ." ధైర్యం వచ్చాక మాట్లాడదామని ఆగుతారు. ఏళ్లు గడిచినా అది రాదు. ఎందుకంటే ముందు ధైర్యం, తర్వాత మాట అన్న వరుసే తప్పు. 'ఈ పని నేను చేయగలను' అనే నమ్మకం మనిషికి ఎలా కుదురుతుందో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో వివరించాడు. మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, మనం గౌరవించేవాళ్లు 'నువ్వు చేయగలవు' అనడం, ఒంట్లో కంగారు అదుపులో ఉండటం, ఇవన్నీ కొంత సాయం చేస్తాయి. అన్నిటికన్నా బలమైనది మాత్రం, స్వయంగా ఒక పని చేసి దాన్ని నెరవేర్చుకోవడమే. మొదటిసారి క్యాన్యులా పెట్టినప్పుడు మీ చేతులు వణికే ఉంటాయి. వణుకు తగ్గాక పెడదామని ఆగారా? మీటింగులో మొదటి మాట కూడా అంతే.

నర్సు మాటకు ఎంత బలముందో చెప్పే గట్టి ఉదాహరణ అమెరికాలోని బాల్టిమోర్‌లో ఉంది. 2001లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి ఐసీయూలో పీటర్ ప్రొనొవోస్ట్ అనే డాక్టర్, సెంట్రల్ లైన్ వేసేటప్పుడు తప్పక చేయాల్సిన 5 పనులను ఒక కాగితం మీద రాశాడు. సబ్బుతో చేతులు కడుక్కోవడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, రోగి ఒళ్లంతా స్టెరైల్ షీట్ కప్పడం, మాస్కు, టోపీ, గౌను, గ్లౌజులు వేసుకోవడం, చివర్లో స్టెరైల్ డ్రెస్సింగ్ వేయడం. ఇందులో ఏ డాక్టరుకూ తెలియనిది ఒక్కటీ లేదు. అయినా, నిజంగా ఏం జరుగుతోందో నెల రోజులు గమనించి రాయమని ఆయన నర్సులకు అప్పజెప్పాడు. మూడో వంతుకు పైగా రోగుల విషయంలో ఏదో ఒక పని తప్పిపోతోందని ఆ లెక్కలో తేలింది.

ఆ తర్వాత జరిగిందే అసలు సంగతి. ఒక్క పని వదిలేసినా డాక్టరును అక్కడికక్కడే ఆపే అధికారాన్ని ఆసుపత్రి యాజమాన్యం నర్సులకు ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి, లైన్ వేసిన పది రోజుల్లోపు వచ్చే ఇన్‌ఫెక్షన్ల రేటు 11 శాతం నుంచి సున్నాకు పడిపోయింది. ఇదే పద్ధతిని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూలలో పెట్టారు. 18 నెలల్లో ఈ ఇన్‌ఫెక్షన్లు మూడింట రెండు వంతుల వరకు తగ్గాయని 2006లో ప్రచురించారు.

డాక్టర్లను ఆపిన ఆ నర్సులంతా పుట్టుకతో ధైర్యవంతులని నేననుకోను. వాళ్ల చేతిలో మూడు ఉన్నాయి: తాము స్వయంగా రాసిన లెక్క, అందరూ ముందే ఒప్పుకున్న నియమం, వెనక నిలబడే యాజమాన్యం. ఈ మూడూ ఉన్నచోట మామూలు మనిషి కూడా గట్టిగా మాట్లాడుతుంది. మూడింటిలో మొదటిది పూర్తిగా మీ చేతిలోనే ఉంది. అక్కడే మొదలుపెట్టండి.

వచ్చే మీటింగుకు వెళ్లేముందు ఒకే ఒక్క విషయం ఎంచుకోండి. పది ఫిర్యాదులు తీసుకెళితే ఒక్కటీ మిగలదు. బెడ్ల పక్కన హ్యాండ్ రబ్ సీసాలు ఖాళీగా ఉంటున్నాయనుకుందాం. రెండు వారాల పాటు, డ్యూటీ మారేటప్పుడు ఎన్ని ఖాళీగా ఉన్నాయో నోట్‌బుక్కులో రాయండి. మీటింగులో "సీసాలు సరిగా రావట్లేదు సార్" అనొద్దు. ఆ మాట ఎవరో ఒకరి మీద నింద అవుతుంది, స్టోర్ వాళ్లు వెంటనే తిరగబడతారు. "మా వార్డులో 30 బెడ్లు. రాత్రి డ్యూటీకి వచ్చేసరికి సగటున 9 చోట్ల సీసా ఖాళీ. సాయంత్రం 6 గంటలకు ఒకసారి నింపే ఏర్పాటు కావాలి" అనండి. లెక్క, సమయం, కోరిక మూడూ చెప్పేశారు. అర నిమిషం కూడా పట్టదు.

మీటింగు ఇంగ్లీషులో జరుగుతుందని వెనక్కి తగ్గేవాళ్లున్నారు. పల్లెల నుంచి వచ్చి తెలుగు మీడియంలో చదివి, జీఎన్ఎం చేసి, వార్డును ఒంటిచేత్తో నడుపుతున్న సిస్టర్లు ఇక్కడే ఆగిపోవడం చూస్తే నాకు బాధేస్తుంది. తెలుగులోనే చెప్పండి. 30, 9, 6 ఏ భాషలోనైనా అవే. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఇళ్లలో మాట్లాడేదీ తెలుగే.

మరో చిన్న కిటుకు: మీటింగు మొదలైన తొలి నిమిషాల్లోనే ఏదో ఒకటి పలకండి, మీ పేరు, వార్డు అయినా సరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో, కోత పెట్టేముందు గదిలో ఉన్న అందరూ తమ పేరు, తాము చేసే పని పైకి చెప్పాలన్న నియమం ఉంది. ఒకసారి నోరు విప్పిన మనిషికి, తర్వాత తేడా కనిపించినప్పుడు మళ్లీ చెప్పడం తేలికవుతుంది. ఢిల్లీతో సహా 8 నగరాల్లో ఆ చెక్‌లిస్టును పరీక్షిస్తే, ఆపరేషన్ల తర్వాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఆ ఫలితం మొత్తం పేర్లు చెప్పుకోవడం వల్లే వచ్చిందనడం లేదు, కానీ ఆ వరుసకు జాబితాలో చోటిచ్చింది ఊరికే కాదు.

కమిటీలో మాట్లాడటానికి అసలు సాధన వార్డులోనే, ఫోనులోనే జరుగుతుంది. అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి "సార్, 12వ బెడ్ పేషెంట్ ఎందుకో బాగాలేడు సార్" అంటే ఆయన "చూద్దాంలే" అంటాడు. ఎస్‌బార్ అనే పద్ధతి ఆసుపత్రుల్లోకి ఇందుకే వచ్చింది. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడుతున్నదాన్ని కైజర్ పర్మనెంటే ఆసుపత్రులు తమకు తగ్గట్టు మలుచుకున్నాయి. ఇప్పుడేం జరుగుతోంది, ముందేం జరిగింది, నేనేమనుకుంటున్నాను, మీరేం చేయాలి అని నాలుగు మెట్లు. మొదటి రెండూ మన సిస్టర్లు చక్కగా చెబుతారు. మిగతా రెండింటి దగ్గరే గొంతు తగ్గిపోతుంది. మూడేళ్ల జీఎన్ఎంలోనూ, నాలుగేళ్ల బీఎస్సీలోనూ చెప్పింది చేయడం బాగా నేర్పుతారు, అభిప్రాయం చెప్పడం అంతగా నేర్పరు. ఇలా చెప్పి చూడండి: "సార్, 12వ బెడ్, ఆపరేషన్ అయి రెండో రోజు. బీపీ 90/60, పల్స్ 120, గంటలో యూరిన్ 15 ఎంఎల్ మాత్రమే. లోపల బ్లీడింగ్ అవుతోందేమోనని నా అనుమానం. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి." ఇందులో 'సార్' ఉంది, గౌరవం ఉంది, అయినా మాట మెత్తబడలేదు. ఆయన కొట్టిపారేస్తే ఇంకోసారి చెప్పండి. అప్పటికీ కదలకపోతే పై డాక్టరుకు చెప్పండి. చెప్పిన టైము కేస్ షీట్‌లో రాయండి.

ఇక సూపరింటెండెంట్లకు, మేట్రన్ మేడమ్‌లకు ఒక మాట. 1983లో అమెరికన్ అకాడమీ ఆఫ్ నర్సింగ్ ఒక పరిశీలన చేసింది. దేశమంతా నర్సుల కొరత ఉన్నా, నర్సులు వదిలిపోని 41 ఆసుపత్రులను గుర్తించింది. తమ పని గురించిన నిర్ణయాల్లో నర్సులకు పాలుండటం ఆ ఆసుపత్రుల్లో కనిపించిన లక్షణాల్లో ఒకటి. గల్ఫుకో, బ్రిటన్‌కో వెళ్లిపోతున్న అమ్మాయిలను ఆపాలంటే జీతంతో పాటు దీన్నీ ఆలోచించండి. కమిటీలో నర్సుకు ఒక్క కుర్చీ వేసి ఊరుకోకండి, ఇద్దరిని కూర్చోబెట్టండి. ఒకరు చెప్పింది ఇంకొకరు బలపరిస్తే ఆ గదిలో గాలే మారుతుంది. నైట్ డ్యూటీ దిగిన మనిషిని పదకొండింటి మీటింగుకు పిలవకండి, ఆ గంటను డ్యూటీలోనే లెక్కకట్టండి. మీ నర్సు మీద డాక్టరు ఫిర్యాదు చేసిన రోజున మీరు ఎటు నిలబడ్డారో మొత్తం స్టాఫ్ చూస్తుంది.

మీ ప్రతిపాదన తిరస్కరిస్తే? తిరస్కరిస్తారు, ఒకటి రెండుసార్లు తప్పకుండా. అలిగి వచ్చేయకండి. "ఇంకే వివరం తెస్తే మళ్లీ పరిశీలిస్తారు సార్?" అని అడిగి, జవాబును మినిట్స్‌లో రాయించండి. వార్డుకొచ్చాక హ్యాండోవర్ టైములో రెండు నిమిషాలు తీసుకుని ఏం అడిగారో, ఏం అన్నారో అందరికీ చెప్పండి. లెక్క రాసే పనిని కొత్తగా చేరిన అమ్మాయికి అప్పగించండి. తర్వాతి మీటింగుకు ఆమెను వెంటబెట్టుకెళ్లి, ఆ అంకెలు ఆమెతోనే చదివించండి.