కంప్యూటర్ హాజరుపట్టీ: దానిని చదివే విధానం

కడప జిల్లా కలమళ్ళ గ్రామంలోని దేవాలయ ప్రాంగణంలో ఒక శిలాస్తంభం ఉంది. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలంలో దానిపై చెక్కించిన శాసనాన్ని తొలి తెలుగు శాసనంగా పండితులు పరిగణిస్తారు. దానిలో కొన్ని అక్షరాలు అరిగిపోయాయి. ఆ పాఠం చెప్పే ప్రతి సంవత్సరమూ విద్యార్థులకు నేనొక నియమం చెబుతాను: రాతిలో ఉన్నంతవరకే చదవండి, లేనిదానిని మీ ఊహతో పూరించకండి. ఈ నియమాన్ని ఒకసారి నేనే మరచిపోయాను. అది రాతి విషయంలో కాదు, కంప్యూటర్ విషయంలో.

నేను కంప్యూటర్ శాస్త్రం చదివినవాడను కాను. తెలుగు ఎం.ఏ. చేసి, తెలుగు టైపు నేర్చుకున్న కారణంగా ప్రయోగశాల తాళంచెవి నా చేతికి వచ్చింది. అక్కడ నేర్చుకున్న ఒక పాఠాన్ని విద్యార్థులకూ, కళాశాల కమిటీ పెద్దలకూ విన్నవించడమే ఈ వ్యాస ఉద్దేశం.

హాస్టలు గదిలో కూర్చున్న విద్యార్థి కళాశాలలోని కంప్యూటర్‌లో ప్రవేశించి పనిచేయవచ్చు. దీనిని దూరప్రవేశం అందాం. లినక్స్ యంత్రాలలో దీనికి సాధారణంగా వాడే సాధనం ఎస్.ఎస్.హెచ్. పూర్వపు సాధనమైన టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ దారి పొడవునా బహిరంగంగానే ప్రయాణించేది. తమ విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు దొంగిలింపబడగా, హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన టాటూ యుల్యోనెన్ 1995లో ఎస్.ఎస్.హెచ్.ను రూపొందించాడు. ఈ ద్వారం గుండా ఎవరు వచ్చినా, ఎవరు వెళ్ళినా యంత్రం తనంతట తాను రాసుకుంటుంది. దానినే నేను హాజరుపట్టీ అంటున్నాను.

ఈ పట్టీని చూడటానికి బొమ్మల తెర అక్కరలేదు. అక్షరాలతో ఆజ్ఞలిచ్చే కమాండ్ లైన్ తెరచి, 'హూ' అనే ఆజ్ఞను ఆంగ్లంలో టైపు చేస్తే ఈ క్షణాన లోపల ఉన్న ఖాతాలు కనిపిస్తాయి. 'లాస్ట్' అని టైపు చేస్తే గతంలో వచ్చిపోయినవారి జాబితా వస్తుంది. ఒక్కొక్క పంక్తిలో ఖాతా పేరు, ప్రవేశించిన మార్గం, ఏ చిరునామా నుండి వచ్చినదీ, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ, మొత్తం ఉన్న సమయం వరుసగా ఉంటాయి. మామూలుగా సంవత్సరం కనిపించదు. 'లాస్ట్' తరువాత ఖాళీ విడిచి, అడ్డుగీతతో పెద్ద 'ఎఫ్' చేర్చితే సంవత్సరంతో సహా పూర్తి తేదీ వస్తుంది. ఒక్కరి వివరమే కావలసివస్తే ఆజ్ఞ పక్కన ఆ ఖాతా పేరు రాస్తే చాలు.

తప్పు పాస్‌వర్డ్‌తో తలుపు తట్టి వెనుదిరిగిన ప్రయత్నాలను 'లాస్ట్‌బి' చూపుతుంది. దీనికి నిర్వాహకుని అధికారం కావాలి. ఏ ఖాతా చివరిసారి ఎప్పుడు వచ్చిందో 'లాస్ట్‌లాగ్' చెబుతుంది. ఇంకా వివరంగా చూడదలచినవారు 'జర్నల్‌సిటిఎల్' ద్వారా ఎస్.ఎస్.హెచ్. రాసుకున్న దినచర్యనే చదవవచ్చు. పాత పట్టీలో కాలాన్ని రాసే గడి 32 బిట్లది. 2038 జనవరి 19 తరువాతి కాలానికి అందులో చోటు చాలదు. అందుచేత 2025లో వెలువడిన డెబియన్ 13 వంటివి కొత్త పట్టీలకు మారాయి. అట్టి యంత్రాలలో ఆజ్ఞల పేర్లు కొంత వేరుగా ఉంటాయి. విండోస్‌లో భద్రతా దినచర్యలో 4624 అనే సంఖ్య సఫల ప్రవేశానికీ, 4625 విఫల ప్రయత్నానికీ గుర్తులు.

ఇక నా పొరపాటు. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన మరొక కళాశాలలో, ఒక ఉదయం అంతర్గత పరీక్షల మార్కుల పట్టిక తెరచి చూస్తే పేర్లకెదురుగా ఉన్న మార్కులు తారుమారై ఉన్నాయి. వెంటనే 'లాస్ట్' అని కొట్టాను. చివరి సంవత్సరపు విద్యార్థి ఒకని ఖాతా బయటి చిరునామా నుండి ఆనాడు 02:40కి వచ్చినట్లు కనిపించింది. లోకమంతా నిద్రించే వేళ ఇతనికి కళాశాల యంత్రంతో పనేమిటి? అతనిని పిలిపించి, ఇద్దరు సహాధ్యాపకుల ఎదుట దొంగను నిలదీసినట్లు నిలదీశాను.

"సార్, నేనొచ్చింది పొద్దున ఎనిమిది దాటినాక. మీరడిగిన ప్రాజెక్టు పంపేదానికే వచ్చినాను" అన్నాడు.

"యంత్రం అబద్ధమాడుతుందా?" అన్నాను.

అతడు కొంతసేపు తల వంచుకొని, "ఒక్కసారి డేట్ అని కొట్టండి సార్" అన్నాడు.

కొట్టాను. గోడ గడియారంలో 11:15. తెరపై 05:45, దాని పక్కన యు.టి.సి. అనే మూడక్షరాలు. ఆ యంత్రాన్ని అమర్చినప్పుడు భారత కాలమానం ఎంచుకోవడం ఎవరో మరచారు. మన కాలం కాకినాడకు సమీపంగా పోయే 82½ డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తుంది. అది అంతర్జాతీయ కాలం కంటే ఐదున్నర గంటలు ముందు. తెరపై ఉన్న 02:40 అంటే మనకు ఉదయం 8:10. ఆ కుర్రవాడు చెప్పినది అక్షరాలా నిజం.

పిదప ఆ మార్కుల ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో చూశాను. ముందే చూడవలసిన పని అది. ముందురోజు 12:10, అనగా మన సాయంత్రం 5:40. ఆ వేళ పట్టీలో ఉన్నది ఒకే ఖాతా, నాది. మార్కుల వరుసను మాత్రం హెచ్చుతగ్గుల క్రమంలో అమర్చి, పేర్ల వరుసను కదపకుండా వదిలినవాడను నేనే. అదే ఇద్దరి ఎదుట అతనికి క్షమాపణ చెప్పుకున్నాను. "పర్లేదు సార్" అన్నాడు. కాని ఆ సంవత్సరం అతడు మళ్ళీ ప్రయోగశాల గడప తొక్కలేదు.

యంత్రం అబద్ధమాడలేదు. నేనే దానిలో లేనిదానిని చదివాను. పట్టీ చెప్పేది ఇంతే: ఈ ఖాతా, ఈ చిరునామా నుండి, ఈ యంత్రపు గడియారం ప్రకారం ఈ వేళకు వచ్చింది. ఖాతా మనిషి కాదు. పాస్‌వర్డ్‌ను స్నేహితునికి చెప్పినవాడు తన పేరును అతనికి అరువిచ్చినట్లే. చిరునామా కూడా మనిషి కాదు. ఒక హాస్టలులోని వారందరూ బయటికి ఒకే చిరునామాతో కనిపించవచ్చు. లోపలికి వచ్చినవారు ఏమి చేశారో కూడా ఈ పట్టీ చెప్పదు.

అంతేకాదు, నిర్వాహకుని అధికారం చేజిక్కించుకున్నవాడు పట్టీనే చెరిపివేయగలడు. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో లెక్కలలో 75 సెంట్ల తేడా వచ్చింది. క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు దానిని చిన్న విషయమని వదలక శోధించగా, ఎవరో రహస్యంగా లోపలికి వస్తున్నట్లు తేలింది. ఆయన యంత్రంలోని పట్టీనే నమ్ముకోలేదు. వచ్చే తీగలకు ప్రింటర్లు తగిలించి, ఆగంతకుడు టైపు చేసినదంతా కాగితంపైకి ఎక్కించాడు. చివరకు ఆ జాడ పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరానికి చేరింది. సాక్ష్యం ఎప్పుడూ రెండుచోట్ల ఉండాలని దీని సారాంశం.

ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసబుద్ధితో వాడితే మన సమాచార సాంకేతిక చట్టంలోని 66సి విభాగం ప్రకారం మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఇంత బరువైన నిందను ఒక పంక్తి చూసి ఎవరిపైనా మోపరాదు.

కావున కమిటీ పెద్దలకు నా మనవి. ప్రతి విద్యార్థికీ వేరువేరు ఖాతా ఇప్పించండి, ఉమ్మడి పాస్‌వర్డ్ వద్దు. ప్రతి యంత్రంలోనూ భారత కాలమానం ఉన్నదీ లేనిదీ చూపించండి. అనేక యంత్రాలలో ఈ పట్టీ నెలకొకసారి మారి, పాతది త్వరలోనే పోతుంది. మన దేశంలో కంప్యూటర్ భద్రతను పర్యవేక్షించే సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇట్టి దినచర్యలను 180 రోజులు భద్రపరచాలని కంపెనీలు మొదలైన సంస్థలను ఆదేశించింది. మనమూ అదే గడువు పాటించి, ఒక నకలు వేరొక యంత్రంలో ఉంచుదాం. ఎవరినైనా ప్రశ్నించే ముందు ఆ పట్టీని అతనికే చూపి, అతని మాట వినడం నియమంగా పెట్టుకుందాం.

విద్యార్థులారా, మీరు రేపు బ్యాంకులలో, కార్యాలయాలలో ఇట్టి పట్టీలను చదివే స్థానంలో కూర్చుంటారు. ఎవరో ఒకరి ఉద్యోగం, గౌరవం మీ ముందున్న ఒక పంక్తిపై ఆధారపడి ఉంటుంది. ఆనాడు ఆ పంక్తికి అర్థం చెప్పే ముందు, 'డేట్' అని ఒక్కసారి కొట్టి చూడండి.