మూకీ నుంచి టాకీకి: సులోచన

సినీ అవార్డుల బిట్లలో అభ్యర్థులను తరచూ తికమకపెట్టే పేరు సులోచన. అసలు పేరు రూబీ మైయర్స్. 1907లో పుణెలో, బాగ్దాదీ యూదు కుటుంబంలో పుట్టారు. టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేస్తుండగా కోహినూర్ ఫిల్మ్ కంపెనీ దర్శకుడు మోహన్ భవ్నానీ ఆమెను తెరకు తెచ్చారు. 'వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే' (1927)లో ఎనిమిది వేషాలు వేశారు. వాటిలో తోటమాలి, పోలీసు, హైదరాబాదీ పెద్దమనిషి ఉన్నాయి. ఒక నటికి ఆ రోజుల్లో ఇది అసాధారణం.

1931లో 'ఆలం ఆరా'తో టాకీలు వచ్చాయి. మూకీలో హావభావాలు చాలు, టాకీలో భాష కావాలి. సులోచనకు హిందుస్థానీపై పట్టు లేదు. ఆమె కొంతకాలం నటన ఆపి, భాష నేర్చుకుని, 1932లో 'మాధురి' టాకీతో తిరిగొచ్చారు. ఆమె మూకీ హిట్లే మళ్లీ మాటలతో తయారయ్యాయి.

పరీక్షకు బాగా పనికొచ్చేది 'అనార్కలి'. 1928 మూకీలోనూ, 1935 టాకీలోనూ ఆమే నాయిక. 1953 చిత్రంలో మాత్రం సలీం తల్లి జోధాబాయి. ఒకే కథతో పాతికేళ్ల ప్రయాణం! ఇంతటి నటికి తర్వాత చిన్న పాత్రలే మిగలడం బాధాకరం.

1973 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దక్కింది. దేవికారాణి (1969) తర్వాత దాన్ని అందుకున్న రెండో మహిళ ఈమే. మరుసటి ఏడాది, 1974 పురస్కారం మన బి.ఎన్. రెడ్డిది, ఈ వరుస గుర్తుంచుకోండి. సులోచన 1983లో మరణించారు. మరాఠీ, హిందీ చిత్రాల్లో తల్లి పాత్రలు వేసిన సులోచన లాట్కర్ వేరు.