ఇంటి రికార్డింగుకి ఏ హెడ్‌ఫోన్?

మా గుడియాత్తంలో తెలుగు పాటలు పాడే పిల్లలు ఇప్పుడు ఇంట్లోనే రికార్డు చేసుకుంటున్నారు. నాకు చాలా సంతోషం. "ఏ హెడ్‌ఫోన్ కొనమంటారు తాతా?" అని అడుగుతుంటారు. వేలూరు వెళ్లి డబ్బు పెట్టేముందు ఈ మాటలు వినండి.

1. చెవిని పూర్తిగా మూసే క్లోజ్డ్ బ్యాక్ రకమే తీసుకోండి. వెనకవైపు జల్లెడలా తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ వినడానికి హాయిగా ఉంటుంది, కాదనను. కానీ పాడేటప్పుడు అందులోంచి శ్రుతి బయటికొచ్చి మైకులో పడుతుంది. రేపు పల్లవి ఒక టేకులోంచి, చరణం ఇంకో టేకులోంచి తీసి అతికిస్తే, గొంతు వెనకున్న ఆ శ్రుతి అతుకు దగ్గర తెగినట్టు వినిపిస్తుంది.

2. బ్లూటూత్ వద్దు. అందులో ఆలస్యం మామూలుగా 100 నుంచి 200 మిల్లీసెకన్లు. నిమిషానికి 75 దెబ్బల తాళంలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండేది 800. అంటే పావు దెబ్బ దాకా వెనకబడొచ్చు.

3. ఫోనుకో చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్‌కో తగిలించేవాళ్లకి ఇంపెడెన్స్ 80 ఓమ్‌ల లోపుది చాలు. సెన్‌హైజర్ హెచ్‌డి 280 ప్రో 64 ఓమ్‌లు, ఆడియో టెక్నికా ఎం20ఎక్స్ 47. బేయర్‌డైనమిక్ డిటి 770 ప్రోలో 250 ఓమ్‌లది కూడా ఉంది, దానికి ఫోను బలం చాలదు. కొత్తవాళ్లకి నేను చెప్పేది ఎం20ఎక్స్. దాని వైరు ఊడి రాదు, కాబట్టి కాళ్లకి తగలకుండా చూసుకోవాలి.

4. ఇది మన ఊరి పాఠం. పక్కింట్లో లుంగీ నేత నడుస్తుంటే, చెవులు మూసుకున్న మీకు మగ్గం చప్పుడు సరిగ్గా వినపడదు. మైకుకి వినపడుతుంది. అందుకని పాడేముందు నోరు మెదపకుండా పావు నిమిషం రికార్డు చేసి, శబ్దం పెంచి వినండి. నాడె టకటకా, ఫ్యాను హోరూ, వీధిలో ఆటో అన్నీ బయటపడతాయి. నేతగాళ్లు భోజనానికి లేచే వేళ చూసుకుని పాడండి. అది వాళ్ల కూడు, ఆపమని అడగొద్దు. వైకాశి నెలలో మన ఊరి గంగమ్మ శిరస్సు పండుగ రోజున ఎలాగూ చప్పుడే, రికార్డింగు మానేసి ఊరేగింపుకి వెళ్లండి.

5. ఒక చెవి మీది కప్పు తీసి పాడితే తప్పులేదు, సొంత గొంతు వినపడి శ్రుతి నిలుస్తుంది. తీసిన కప్పుని మాత్రం గాల్లో వదలకుండా చెవి వెనక తలకి ఆనించండి.

6. మే నెలలో ఫ్యాను ఆపి పాడాలి కదా, ఆ చెమటకి ప్యాడ్ల మీది రెక్సిన్ పొట్టు లేస్తుంది. పాడటం అయ్యాక పొడిగుడ్డతో తుడవండి. ప్యాడ్లు విడిగా దొరుకుతాయో లేదో కొనేరోజే కొట్లో అడగండి.