తాబేళ్ల కోసం మేలుకొనే రాత్రులు

ప్రశ్న: ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. అండమాన్ దీవుల్లో తాబేళ్లపై క్షేత్ర పరిశోధన చేయాలనుంది. అక్కడ పని ఎలా ఉంటుంది?
– ఓ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: ముందు నిద్ర సంగతి చెబుతానమ్మా. లిటిల్ అండమాన్‌లో 2008 నుంచి లెదర్‌బ్యాక్ తాబేళ్లను గమనిస్తున్నారు. అవి ఎక్కువగా రాత్రిపూటే ఒడ్డెక్కుతాయి. చీకట్లో ఇసుక మీద కిలోమీటర్ల కొద్దీ నడవాలి. తెల్ల టార్చి పనికిరాదు, ఎర్ర వెలుగే వాడాలి. గొయ్యి తవ్వుతుండగా దగ్గరికి వెళితే తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లిపోవచ్చు. గుడ్లు పెట్టడం మొదలయ్యాకే కొలతలు, ట్యాగులు. మీటరున్నర పొడవుండే ఆ ప్రాణి బరువుగా ఊపిరి తీస్తుంటే పక్కన కూర్చుని వినడం... అందుకోసం ఎన్ని రాత్రులైనా మేలుకోవచ్చు! అక్కడ ఉపగ్రహ ట్యాగులు వేసినవాటిలో కొన్ని ఆస్ట్రేలియా వైపు, కొన్ని ఆఫ్రికా తీరం దాకా ఈదుకుంటూ వెళ్లాయి.

వాగులు దాటేటప్పుడు ఉప్పునీటి మొసళ్లుంటాయి. అక్కడే పుట్టి పెరిగిన సహాయకులు ఆగమంటే ఆగండి. అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. అక్కడి ఆదివాసులైన ఓంగీల రిజర్వు ప్రాంతంలో నిబంధనలు ఇంకా కఠినం, అలా ఉండటమే న్యాయం.

ఈలోగా మీ తీరానికే వచ్చే ఆలివ్ రిడ్లేల గుడ్ల సంరక్షణ కేంద్రంలో ఒక సీజనంతా పనిచేయండి.