చలికి పడుకుంటాయి, మంటకి చస్తాయి: వంటింటి ఎంజైములతో పది చిట్కాలు

సామర్లకోటలో మే నెల ఎండ. వంకాయలు తరిగి పళ్ళెంలో పెట్టి, వీధిలో కూరగాయల బండి దాకా వెళ్ళి వచ్చేసరికి ముక్కలు నల్లబడిపోయాయి. సంక్రాంతి చలిలో అయితే ఇంకాసేపు ఆగేవి. ఈ తేడా ఎంజైములది. ప్రాణమున్న ప్రతిదానిలోనూ ఉండే ఈ ప్రొటీన్లు, తాము ఖర్చు కాకుండానే రసాయన మార్పుల్ని పరుగెత్తిస్తాయి. వాటి గుణం నాలుగు ముక్కల్లో చెప్పుకోవచ్చు: చలికి పడుకుంటాయి, మంటకి చస్తాయి, పులుపు ఎక్కువైతే బిగుసుకుంటాయి, తడి లేకపోతే కదలవు. పడుకున్నవి మళ్ళీ లేస్తాయి. చచ్చినవి లేవవు. ఏ పనికి వాటిని లేపాలో, ఏ పనికి చంపాలో తెలిస్తే సగం వంట వచ్చినట్టే.

1. వంకాయ, అరటికాయ ముక్కలు నల్లబడకుండా: తరిగినవి తరిగినట్టే ఉప్పు నీళ్ళలో వెయ్యండి. నీళ్ళు గాలిని అడ్డుకుంటాయి, ఉప్పు ఎంజైమ్‌ని నెమ్మదింపజేస్తుంది. ఆ నీళ్ళలో కాస్త మజ్జిగో, చింతపండు పులుసో కలిపితే పులుపు కూడా తోడై పట్టు ఇంకా బిగుస్తుంది. ఇనప కత్తిపీట మీద తరిగితే ఇనుము వల్ల నలుపు మరింత ఎక్కుతుంది. అరటికాయకి స్టీలు కత్తి మేలు.

2. ఆవ ఘాటు పోకుండా: మన విందుల్లో పనసపొట్టు కూరకీ, కందబచ్చలికీ ప్రాణం ఆవ. ఎండు ఆవగింజలో ఘాటు ఉండదు. ఘాటుకి మూలమైన పదార్థం ఒక అరలో, దాన్ని విరిచే ఎంజైమ్ వేరే అరలో ఉంటాయి. గింజ నలిగి తడి తగిలితేనే ఆ రెండూ కలుస్తాయి. అందుకని ఆవాలు చన్నీళ్ళతో నూరి, మూతపెట్టి పది నిమిషాలు వదిలెయ్యండి. మసిలే నీళ్ళు పోస్తే ఎంజైమ్ చచ్చి, ఘాటు రాకుండా చేదే మిగులుతుంది. పులుపు కూడా ఘాటు పుట్టాకే కలపండి. కూర దింపి, వేడి కాస్త తగ్గాక ఆవ పెట్టండి. పొయ్యి మీదే ఉంచితే పుట్టిన ఘాటు ఆవిరితో పోతుంది. తాలింపులో ఎన్ని ఆవాలు చిటపటలాడినా ముక్కు అదరకపోవడానికి కారణం, కాగిన నూనెకి ఎంజైమ్ ముందే చావడం.

3. చెరుకు రసం అప్పటికప్పుడే: చెరుకు నరికిన దగ్గర్నుంచీ అందులోని ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ చక్కెరని గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా చీలుస్తూనే ఉంటుంది. ఎండ ముదిరితే దాని చురుకూ పెరుగుతుంది. చక్కెర మిల్లుతో పేరుపడిన ఈ ఊరి చుట్టుపక్కల రైతులకి ఇది కొత్త సంగతి కాదు. బళ్ళు గేటు దగ్గర నిలిచిపోయినకొద్దీ చెరుకు తూకమూ తగ్గేది, అందులో దిగే చక్కెరా తగ్గేది. నరికిన 24 గంటల్లో గానుగ ఆడాలనేది అందుకే. పండక్కి తెచ్చిన గెడల్ని నీడలో పెట్టి తడిగోనె కప్పండి. రసం ఆడించగానే తాగెయ్యండి. నిమ్మకాయ పిండితే రంగు మారడం తగ్గుతుందే తప్ప రసం నిల్వ ఉండదు.

4. ముదురు మాంసం మెత్తబడాలంటే: పచ్చి బొప్పాయి కాయని తొక్కతో సహా నూరి, కిలో మాంసానికి రెండు చెంచాలు పట్టించి ఓ అరగంట ఉంచండి. అందులోని పపేన్ మాంసం ప్రొటీన్లని తెంపుతుంది. అది బాగా చురుగ్గా పనిచేసేది సుమారు 65 డిగ్రీల దగ్గర. కాబట్టి మొదట సన్నని సెగ మీద పెట్టి, తర్వాత మంట పెంచండి. బాగా ఉడుకు పట్టాక పపేన్ పని ఆగిపోతుంది. రాత్రంతా నానబెడితే మాత్రం ముక్క పైపైన పిండిలా అయిపోతుంది.

5. అనాసపండు పెరుగుపచ్చడి చేదెక్కకుండా: పచ్చి అనాస ముక్కల్లోని బ్రొమెలైన్ పెరుగులోని ప్రొటీన్లని విరిచి చేదు తెస్తుంది. ముక్కల్ని ఐదు నిమిషాలు ఉడికించి, పూర్తిగా చల్లార్చి పెరుగులో కలపండి. డబ్బా అనాసకి ఈ బాధ లేదు, దాన్ని ముందే వేడి చేసి ఉంటారు. బొప్పాయి పండు పాలలో కొట్టిన జ్యూస్ కూడా అంతే, వెంటనే తాగకపోతే చేదెక్కుతుంది.

6. దంపుడు బియ్యం కొద్దికొద్దిగా: ధాన్యం పొట్టు ఊడనంత కాలం తవుడు పొరలోని నూనె భద్రంగా ఉంటుంది. దంచినా, మర ఆడించినా ఆ నూనెకి దాన్ని విరిచే లైపేజ్ అనే ఎంజైమ్ తగులుతుంది. అక్కణ్ణుంచి ముక్కిన వాసన మొదలు. తవుడు నూనె మిల్లుల వాళ్ళు తవుడుని త్వరగా వేడి చేసేది ఈ లైపేజ్‌ని చంపడానికే. వడ్లు నానబెట్టి ఆవిరి పట్టే ఉప్పుడు బియ్యంలో ఆ పని ముందే అయిపోతుంది. దంపుడు బియ్యం రెండు మూడు వారాలకి సరిపడానే కొని, గాలి దూరని డబ్బాలో, తడి చెయ్యి తగలకుండా ఉంచండి. వేసవిలో అయితే ఫ్రిజ్‌లోనే పెట్టండి.

7. చిలగడదుంప తియ్యదనానికి: కుక్కర్లో మూడు కూతలు వేయించిన దుంప కంటే, నివురు కప్పిన నిప్పుల్లో నెమ్మదిగా కాల్చిన దుంప తియ్యన. దుంపలోని పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మార్చే ఎంజైమ్‌కి 60 నుంచి 75 డిగ్రీల మధ్య మంచి అదను. కుక్కర్ ఆ మెట్టుని చిటికెలో దాటేస్తుంది. నిప్పులు లేకపోతే దుంపల్ని చన్నీళ్ళలో వేసి, సన్నని సెగ మీద నిదానంగా వేడెక్కనివ్వండి.

8. పిల్లల జావ పలచబడాలంటే: రాగులు ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించండి. ఆరబెట్టి, దోరగా కూడా వేపకుండా పిండి పట్టించండి. వేపితే కమ్మటి వాసన వస్తుంది గానీ, పిండిపదార్థాన్ని విరిచే ఎమైలేజ్ అనే ఎంజైమ్ చస్తుంది. చిక్కగా కాచిన జావ దింపి, పొగలు తగ్గాక ఒక చెంచా ఈ పిండి కలపండి. కాసేపట్లోనే జావ జారుగా అవుతుంది. మరోసారి పొంగనిచ్చి, చల్లార్చి పెట్టండి. నీళ్ళు పొయ్యకుండానే పలచబడుతుంది కాబట్టి, చిన్న గిన్నెడు జావలోనే ఎక్కువ ధాన్యం కడుపులోకి వెళ్తుంది. 1833లో ఫ్రాన్సులో పాయెన్, పెర్సోజ్ మాల్టు నుంచి వేరుచేసింది ఇలాంటి ఎంజైమునే. మనిషి విడిగా తీసిన మొదటి ఎంజైమ్ అది.

9. ఫ్రిజ్‌ని నమ్మి మోసపోకండి: చలి ఎంజైమ్‌ని చంపదు. పచ్చి బఠాణీలు ఒలిచి నేరుగా ఫ్రీజర్లో పెడితే లోపల పని నెమ్మదిగా సాగుతూనే ఉండి, కొన్నాళ్ళకి రుచి చెడుతుంది. ముందు మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీళ్ళలో వేసి, తడి ఆర్చి దాచండి. అరటిపళ్ళది వేరే కథ. రావులపాలెం నుంచి తెచ్చిన చక్రకేళి అత్తాన్ని ఫ్రిజ్‌లో పెడితే చలికి తొక్కలోని కణాలు దెబ్బతిని, అరలన్నీ కలిసి, తొక్క నల్లబడుతుంది. గాలి ఆడే చోట వేలాడదీయండి చాలు.

10. మరకలకి గోరువెచ్చని నీళ్ళు: ఎంజైములున్న డిటర్జెంట్ వాడుతుంటే పాలు, గుడ్డు, రక్తం మరకలున్న బట్టల్ని గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టండి. మసిలే నీళ్ళు పోస్తే ఎంజైమ్ చస్తుంది, మరక ఉడికి బట్టకి అంటుకుపోతుంది. ఉప్పాడ పట్టుచీరని మాత్రం ఈ బకెట్ దరిదాపులకి రానివ్వకండి. పట్టు కూడా ప్రొటీనే. పిల్లాడి చొక్కా మీది పాల మరకని తినే ఎంజైమ్‌కి, అమ్మ పెళ్ళిచీరా తిండే.